ఫోన్‌తో సావాసం, 3వ పాఠం: లొకేషన్ ఎవరికి ఇవ్వాలి, ఎంతవరకు ఇవ్వాలి

పోయిన పాఠంలో ఇచ్చిన పని గుర్తుందిగా? మీ ఫోన్‌లో ఎన్ని యాప్‌లకు లొకేషన్ పర్మిషన్ ఉందో లెక్కపెట్టమన్నాను. మా నాన్న కూడా ఆ పాఠం చదివారు, చదివి ఊరుకుంటే బాగుండేది, లెక్కపెట్టడంతో ఆగకుండా కంటపడ్డ ప్రతి యాప్‌కీ పర్మిషన్ పీకేశారు, పీకితే పనిచేయనని మొరాయించిన వాటికి ఏదో ఒక మీట అటుది ఇటు నొక్కి "తగ్గించా"నని తృప్తి పడ్డారు. ఆ ఆదివారం నేను విజయవాడ నుంచి గుంటూరు వెళ్లాను. మధ్యాహ్నం ఆయనే ఫోన్‌లో బిర్యానీ ఆర్డర్ పెట్టారు. ముప్పావుగంట గడిచాక ఫోన్ మోగింది.

"అంకుల్, లొకేషన్ దగ్గరకొచ్చేశా, మీ ఇల్లు కనపడట్లేదు."

"4/7 అమ్మా, నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. రాశానుగా."

"అక్కడే ఉన్నా అంకుల్. అరండల్‌పేట 4/7."

మా ఇల్లు బ్రాడీపేటలో. గుంటూరు వాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు, ఇప్పటికే నవ్వుతూ ఉంటారు. మిగతావాళ్ల కోసం: రెండు పేటల్లోనూ లైన్లే, రెండింట్లోనూ అడ్డరోడ్లే, మధ్యలో రైలు పట్టాలు. పాపం ఆ అబ్బాయి చుట్టూ తిరిగి వచ్చేసరికి బిర్యానీ చల్లారిపోయింది. నాన్న నావైపు చూసి, "ఏరా, నీ పాఠం మహత్యమేనా ఇది?" అన్నారు. అవును, నాదే తప్పు. ఏం తీయాలో చెప్పాను కానీ ఏం ఉంచాలో చెప్పలేదు. ఆ బాకీ తీర్చడానికే ఈ పాఠం.

ఫోన్ తెచ్చుకోండి, చదువుతూ చేతిలో చేసుకుంటూ వెళ్దాం. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో లొకేషన్, అందులో యాప్ పర్మిషన్స్. ఒక్కో కంపెనీ ఒక్కో చోట దాస్తుంది కాబట్టి దొరక్కపోతే సెట్టింగ్స్ పైన ఉండే వెతుకులాట పెట్టెలో లొకేషన్ అని కొట్టండి. ఐఫోన్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో లొకేషన్ సర్వీసెస్.

ఏదైనా ఒక యాప్ మీద నొక్కితే అక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలు కనిపిస్తాయి. నాన్న ఈ రెండింటినీ ఒకటే అనుకున్నారు, చాలామందిమి అలాగే అనుకుంటాం. ఒకటి, ఎప్పుడు చూడొచ్చు. రెండోది, ఎంత దగ్గరగా చూడొచ్చు.

రెండోది ముందు చూద్దాం, బిర్యానీ చల్లారింది దానివల్లే కాబట్టి. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి ప్రిసైజ్, అప్రాక్సిమేట్ అని రెండు రకాలు పెట్టారు. ఐఫోన్‌లో ఇది 2020లో ఐఓఎస్ 14తోనే వచ్చింది. ప్రిసైజ్ అంటే మీ ఇంటి గేటు దాకా తెలుస్తుంది. అప్రాక్సిమేట్ అంటే ఆండ్రాయిడ్ లెక్కలో సుమారు 3 చదరపు కిలోమీటర్ల ముక్క, ఆ ముక్కలో మీరు ఎక్కడో ఉన్నారని మాత్రమే యాప్‌కి చెబుతుంది. బ్రాడీపేట, అరండల్‌పేట రెండూ అందులో ఇమిడిపోతాయి. నాన్న ఫుడ్ యాప్‌కి ప్రిసైజ్ మీట ఆపేశారు, మ్యాప్‌లో మన చోటు చూపే గుర్తు, అదే పిన్ను, వెళ్లి పట్టాలకు అవతల పడింది. అడ్రసు ఎంత వివరంగా రాసినా డెలివరీ అబ్బాయి బండి నడిపేది పిన్నుని చూసే.

అదే వాతావరణం యాప్ అయితే? బ్రాడీపేటలో ఎండ ఒకటి, అరండల్‌పేటలో ఎండ ఒకటి ఉండదు కదా. గుంటూరు అని తెలిస్తే చాలు. వార్తల యాప్, సినిమా టికెట్ల యాప్, పాత సామాన్లు అమ్ముకునే యాప్, వీటన్నిటికీ ఊరు తెలిస్తే చాలు, ఇల్లు తెలియక్కర్లేదు. ప్రిసైజ్ ఉండాల్సింది మ్యాప్‌లకి, క్యాబ్, ఆటో బుక్ చేసే వాటికి, ఇంటికి ఏదైనా తెచ్చిచ్చే వాటికి. ఇప్పుడే మీ జాబితాలో ఈ రెండు రకాలూ విడదీయండి, ఐదు నిమిషాల పని.

ఇక మొదటి ప్రశ్న, ఎప్పుడు చూడొచ్చు. అసలు ప్రమాదం ఇక్కడుంది. 2019లో ఆండ్రాయిడ్ 10తో "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అనే ఎంపిక వచ్చింది, 2020లో ఆండ్రాయిడ్ 11తో "ఈ ఒక్కసారికి" అనేది వచ్చింది. ఆండ్రాయిడ్ 11లోనే ఇంకో మంచి పని చేశారు, యాప్ అడిగినప్పుడు వచ్చే ఆ చిన్న పెట్టెలోంచి "ఎప్పుడూ అనుమతించు" అనేదాన్ని తీసేశారు. అది కావాలంటే యాప్ మిమ్మల్ని సెట్టింగ్స్ పేజీకి తీసుకెళ్లి మీ చేత్తోనే నొక్కించుకోవాలి. కాబట్టి ఏ యాప్ అయినా మిమ్మల్ని చెయ్యి పట్టుకుని సెట్టింగ్స్‌లోకి తీసుకెళ్లి "ఇక్కడ ఆల్ ది టైమ్ నొక్కండి" అని బొమ్మ గీసి చూపిస్తోందంటే అక్కడ ఆగండి. మీరు ఫోన్ జేబులో పెట్టుకున్నాక కూడా మిమ్మల్ని చూస్తానని అడుగుతోంది అది.

నేను ఆగలేదు. విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక బట్టల షాపు, పండగ ముందు రోజులు, కౌంటర్ దగ్గర కాలు పెట్టే సందు లేదు. బిల్లు కొట్టే అమ్మాయి, "మా యాప్ వేసుకుంటే 200 తగ్గుతుంది సార్" అంది. వెనక వరసలో జనం గునుస్తున్నారు, చేతిలో మూడు సంచులు, యాప్ ఏది అడిగితే అది నొక్కుకుంటూ పోయాను. 200 తగ్గింది. నెల తర్వాత ఇంకేదో చూద్దామని ప్రైవసీ డ్యాష్‌బోర్డ్ తెరిచాను.

ఈ డ్యాష్‌బోర్డ్ ఆండ్రాయిడ్ 12తో వచ్చింది, సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద ఉంటుంది. గత 24 గంటల్లో మీ లొకేషన్, మైకు, కెమెరా ఏ యాప్ ఎన్ని గంటలకు ముట్టుకుందో గీత గీసి చూపిస్తుంది. పైనుంచి కిందకి చూసుకుంటూ వచ్చాను. ఉదయం 9కి మ్యాప్స్, ఆఫీసుకి వెళ్లినప్పుడు, సరే. మధ్యాహ్నం ఒంటిగంటకి భోజనం తెప్పించుకున్న యాప్, అదీ సరే. అర్ధరాత్రి దాటాక 2 గంటలకి బట్టల షాపు. తెల్లవారుజామున మళ్లీ బట్టల షాపు. నేను విజయవాడ పటమటలో నా ఇంట్లో పడుకుని నిద్రపోతుంటే, చీరలమ్మే షాపుకి నా మంచం ఎక్కడుందో ఎందుకు? 200 రూపాయలకి నేను అమ్మిందేమిటో అప్పుడు అర్థమైంది. యాప్ తీసేశాను. మీరు కూడా ఇప్పుడు ఆ డ్యాష్‌బోర్డ్ తెరిచి, మీరు నిద్రపోయిన గంటల్లో ఎవరెవరు ఉన్నారో చూడండి. ఐఫోన్‌లో అయితే లొకేషన్ సర్వీసెస్ జాబితాలో యాప్ పక్కన చిన్న బాణం ఉంటుంది, ఊదారంగు అయితే ఈమధ్యే వాడింది, బూడిదరంగు అయితే గత 24 గంటల్లో వాడింది.

యూపీఐ, బ్యాంకు యాప్‌లు కొన్ని లొకేషన్ ఇవ్వకపోతే తలుపే తీయవు. వాటితో గొడవ దండగ, "వాడుతున్నప్పుడు మాత్రమే" ఇచ్చి వదిలేయండి. అప్పులిచ్చే యాప్‌ల సంగతి మాత్రం వేరు. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం ఖాతా తెరిచేటప్పుడు, మీరెవరో నిర్ధారించుకునే కేవైసీ కోసం కెమెరా, మైకు, లొకేషన్ వంటివి మీ అనుమతితో ఒక్కసారికి అడగొచ్చు, కాంటాక్టులు, కాల్ లాగ్, ఫైళ్ల జోలికి పోకూడదు. అవి అడిగిందంటే ఆ అప్పు మీకొద్దు.

ఇంతా చేశాక కొందరు, "ఈ గోలంతా ఎందుకు, లొకేషన్ మొత్తానికే ఆపేస్తే పోలా" అంటారు. ఆపేసినా సిమ్ పనిచేస్తున్నంతసేపు మీరు ఏ టవర్ కింద ఉన్నారో మీ నెట్‌వర్క్ కంపెనీకి తెలుస్తూనే ఉంటుంది, లేకపోతే మీకు కాల్ ఎలా వస్తుంది? వెబ్‌సైట్లు మీ ఇంటర్నెట్ కనెక్షన్‌కి ఉండే నంబరును, అంటే ఐపీ అడ్రసును బట్టి ఊహిస్తాయి, ఆ ఊహ తరచూ తప్పుతుంది. మా ఇంట్లో లొకేషన్ ఆపి వాతావరణం వెతికితే హైదరాబాద్‌లో వాన అని చూపిస్తుంది, బయట బెజవాడ ఎండకి తారు కరుగుతుంటుంది. ఇంకోటి, ఆండ్రాయిడ్‌లో లొకేషన్ కింద ఉండే లొకేషన్ సర్వీసెస్‌లో వైఫై స్కానింగ్ అని ఒకటుంటుంది, అది ఆన్‌లో ఉంటే మీరు వైఫై ఆపేసినా ఫోన్ చుట్టుపక్కల రౌటర్లను వెతుకుతూనే ఉంటుంది, వాటిని బట్టి మీరెక్కడున్నారో పట్టుకుంటుంది. ఇంటి లోపల ఉపగ్రహాల సిగ్నల్ సరిగ్గా అందదు కాబట్టి నాలుగు గోడల మధ్య మ్యాప్ చుక్క సరిగ్గా నిలబడేది ఎక్కువగా దీని పుణ్యమే. నేనైతే ఆపేశాను, మీకు అపార్ట్‌మెంట్లో పిన్ను సరిగ్గా పడాలంటే ఉంచుకోండి.

పిల్లలు విజయవాడ నుంచి గుంటూరు రాత్రి బస్సులో వస్తుంటే ఎక్కడున్నారో చూసుకోవాలనిపిస్తుంది, తప్పేం లేదు. దానికోసం ఎప్పుడూ వెంటాడే యాప్‌లు వేయక్కర్లేదు. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడు రకాలుగా పంపొచ్చు. గంట చాలు. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మళ్లీ ఒక గంట పంపిస్తారు.

ఈ వారం పని. జాబితాలో "ఎప్పుడూ" అని ఉన్న యాప్‌లన్నీ కాగితం మీద రాయండి, ఒక్కోదాని పక్కన "నేను వాడనప్పుడు దీనికి నా ఆచూకీతో పనేంటి" అని రాసి జవాబు రాయండి. జవాబు దొరకని వాటిని "వాడుతున్నప్పుడు మాత్రమే"కి దించండి. రెండ్రోజులు వాడి చూడండి, ఏదైనా యాప్ నిజంగా ఇబ్బంది పెడితే మళ్లీ పెంచుకోవచ్చు, ఒక్క నొక్కుడే కదా.

నాన్న తన ఫోన్ ఇచ్చి సరిచేయమన్నారు. చేయలేదు, పక్కన కూర్చుని ఆయన చేతే చేయించాను. ఫుడ్ యాప్‌కి ప్రిసైజ్ ఆన్ చేసి, "ఇప్పుడు మన ఇల్లేనా?" అని పిన్ను రెండు వేళ్లతో పెద్దది చేసి చూశారు. బ్రాడీపేటలోనే పడింది, కాకపోతే పక్కింటి వాళ్ల మేడ మీద. దాన్ని వేలితో పట్టుకుని మా గేటు ముందుకి లాగారు. వచ్చే పాఠంలో ఫొటోలు: మీరు తీసిన ఫొటోలో ఏ చోట తీశారో ఎలా దాక్కుని ఉంటుందో, ఎవరికైనా పంపేముందు దాన్ని ఎలా తీసేయాలో చూద్దాం. అప్పటిదాకా మీ గ్యాలరీలో ఒక పాత ఫొటో తెరిచి, వేలితో పైకి తోసి, కింద మ్యాప్ వస్తుందేమో చూసి పెట్టుకోండి.