నడివయసులో మీ వారం ఎవరి చేతిలో ఉంది?

యాభై దగ్గరపడేసరికి చాలామందికి రోజు తమ చేతిలో ఉండదు. పిల్లల చదువులు, పెద్దవాళ్ల మందులు, ఉద్యోగం పోగా మిగిలిన కాస్తా ఫోను పట్టుకుపోతుంది. "ఇకనుంచైనా నాకు నచ్చినట్టు బతుకుతాను" అని తీర్మానించుకున్నంత మాత్రాన ఏదీ మారదు. ముందు లెక్క తేలాలి.

వారానికి 168 గంటలు. పండగలూ ప్రయాణాలూ లేని మామూలు వారం ఒకటి చూసుకుని, చిన్న నోటుబుక్కులో ఆ గంటలు ఎటు పోతున్నాయో రాయండి. రాత్రి పడుకునే ముందు ఒకేసారి రాస్తే లెక్క తప్పుతుంది. ఫోను చూసిన గంటన్నర పావుగంటగా గుర్తుంటుంది. రెండు మూడు గంటలకోసారి ఒక్క ముక్క రాస్తే చాలు: "7:30–9:10 ఫోను", "4–5 అక్కతో మాటలు". పక్కనే ఒక గుర్తు పెట్టండి. ఆ పని తర్వాత హుషారుగా ఉంటే ప్లస్, నీరసంగా ఉంటే మైనస్. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే: రాయడం మొదలుపెట్టగానే మంచి అలవాట్లూ మొదలుపెట్టేస్తారు. ఆ వారం ఏమీ మార్చకండి. ఉన్నది ఉన్నట్టు కనబడాలి.

ఎనిమిదో రోజున, తప్పనిసరి కాని మైనస్ పనులు ఏరండి. కొత్తవి పెట్టుకునే ముందు వీటిలో కనీసం మూడు గంటలు తీసెయ్యాలి. నిండిన వారంలోకి ఇంకో పని దూరిస్తే ముందు తెగేది నిద్రే. మొహమాటం కొద్దీ మోస్తున్న బాధ్యత ఏదైనా ఉంటే తేదీ చెప్పి తప్పుకోండి: "ఈ నెలాఖరు దాకా చేస్తాను, ఆ తర్వాత వేరేవాళ్లని చూసుకోండి." కారణాలు చెప్పారో, అవతలివాళ్లు ఒక్కో కారణానికీ ఒక్కో పరిష్కారం చూపిస్తారు.

ఇప్పుడు రెండే రెండు పనులు ఎంచుకోండి. "ఆరోగ్యం", "మనశ్శాంతి" పనులు కావు. ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు అనే మూడింటికీ జవాబుండాలి. "సోమ, గురువారాల్లో పళ్లు తోముకోగానే హాల్లో పావుగంట వ్యాయామం" అనేది పని. ముందే ఉన్న అలవాటుకి కొత్తదాన్ని తగిలిస్తే విడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. 21 రోజుల్లో అలవాటైపోతుందనే మాట నమ్మకండి. లండన్ పరిశోధకుల అధ్యయనంలో సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టీ పనిని బట్టీ 18 నుంచి 254 దాకా అంచనా వచ్చింది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. కాబట్టి తప్పిన రోజుని మర్నాడు రెట్టింపు చేసి పూడ్చబోకండి.

ఆ రెండిట్లో ఒకటి ఒంటికి సంబంధించినదైతే మంచిదని మా అభిప్రాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, కనీసం రెండు రోజులు కండరాలకి పని. 65 దాటితే బ్యాలెన్సు వ్యాయామం కూడా మూడు రోజులు. నడకతోనే సరిపెట్టుకుంటారు చాలామంది. వయసుతోపాటు కండ తగ్గుతుంది, దాన్ని నడక ఒక్కటే ఆపలేదు. చక్రాలు లేని గట్టి కుర్చీని గోడకి ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, లేచి మెల్లగా కూర్చోండి. 8 నుంచి 10 సార్లు, రెండు విడతలు. ధబీమని కూలబడితే సగం ఫలితం పోయినట్టే, ఎందుకంటే దిగేటప్పుడే తొడ కండరం ఎక్కువసేపు బరువు ఆపుతుంది. మోకాలు నొప్పైతే దిండు వేసి ఎత్తు పెంచండి. గుండెజబ్బు, కళ్లు తిరగడం లాంటివి ఉంటే ముందు డాక్టరుని అడగండి.

రెండోది మీ ఇష్టం: సంగీతం, తోటపని, పాత స్నేహాలు. స్నేహాలైతే "కలుద్దాం" అనకుండా ఏ రోజో, ఏ టైముకో చెప్పండి.

భార్యాభర్తలు ఎవరి లెక్క వాళ్లు విడిగా రాసుకుని తర్వాత ఒకరిది ఒకరు చూసుకోవడం మేలు. పక్కపక్కన కూర్చుని రాస్తే అది లెక్కలా కాక పంచాయితీలా తయారవుతుంది.

మూడు నెలలకోసారి అరగంట కూర్చుని నోటుబుక్కు తిరగెయ్యండి. జరగని పనిని సగానికి తగ్గించండి. అప్పుడూ జరగకపోతే నిస్సంకోచంగా కొట్టెయ్యండి. ఇంట్లో మంచం పట్టినవాళ్లని చూసుకుంటున్నవాళ్లకి ఈ లెక్క మొత్తం వర్తించదు. వాళ్లు ముందు వెతుక్కోవాల్సింది వారానికి రెండు గంటలు తమ స్థానంలో కూర్చునే మనిషిని.