వాతావరణ శాస్త్రాన్ని వృత్తిగా ఎంచుకునేవారు ఎలా సిద్ధపడాలి

మబ్బు పట్టినప్పుడల్లా ఆకాశం వైపు చూసే అలవాటు చాలామందికి ఉంటుంది. ఆ ఆసక్తి బతుకుదెరువుగా మారాలంటే మాత్రం గణితం, భౌతికశాస్త్రం గట్టిగా పట్టుబడాలి. వాతావరణ అంచనా అంటే గాలి చలనాన్ని, వేడిని, తేమను నడిపించే భౌతిక సమీకరణాలను సాధించడమేనని నార్వే శాస్త్రవేత్త విల్‌హెల్మ్ బ్యెర్క్‌నెస్ 1904లో ప్రతిపాదించారు. నేటి అంచనాలు ఇప్పటికీ ఆ పునాది మీదే నిలబడి ఉన్నాయి. అందువల్ల కలన గణితం, అవకలన సమీకరణాలు, ఉష్ణగతిక శాస్త్రం, ద్రవగతి శాస్త్రం, గణాంక శాస్త్రం అనే అయిదింటిలో ఏ ఒక్కదాన్నీ పరీక్ష గట్టెక్కడానికి మాత్రమే చదవకూడదు.

డిగ్రీలోనే వాతావరణ శాస్త్రం దొరకకపోతే దిగులుపడనక్కరలేదు. భౌతికశాస్త్రంలోనో గణితంలోనో డిగ్రీ చేసి, పైచదువులో ఇటు మళ్లినవారు ఎందరో ఉన్నారు, నా దృష్టిలో అది బలమైన దారి కూడా. ప్రపంచ వాతావరణ సంస్థ ఈ రంగంలో శాస్త్రజ్ఞులకూ టెక్నీషియన్లకూ వేర్వేరు శిక్షణ ప్రమాణాలను నిర్దేశించింది కాబట్టి, చేరబోయే కోర్సు ఏ కోవలోకి వస్తుందో ముందే అడిగి తెలుసుకోవాలి. పరిశోధన వైపు వెళ్లదలచినవారికి పీహెచ్‌డీ దాదాపు తప్పనిసరి.

కంప్యూటర్ లేకుండా ఈ వృత్తి సాగదు. బ్రిటిష్ శాస్త్రవేత్త లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ ఒకే ఒక ఆరు గంటల అంచనాను చేతితో లెక్కగట్టి 1922లో ప్రచురించారు. వాయుపీడనం 145 మిల్లీబార్లు మారుతుందని ఆ లెక్కలో తేలింది, వాస్తవంలో మాత్రం పీడనం పెద్దగా మారనే లేదు. పొరపాటు సమీకరణాలది కాదు, లెక్క మొదలుపెట్టిన గాలి, పీడనాల విలువలు ఒకదానితో ఒకటి పొసగకపోవడం వల్ల వచ్చింది. తొలి సమాచారం సరిగా లేకపోతే అంచనా ఎంత దూరం తప్పుతుందో విద్యార్థికి ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదట నేర్చుకోవాలి, వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్ల లోపలికి వెళ్లాలంటే ఫోర్ట్రాన్ భాష కూడా అవసరమవుతుంది. 1940 నుంచి గంటగంటకూ ప్రపంచ వాతావరణ స్థితిని తెలిపే ఈఆర్ఏ5 (ERA5) అనే సమాచార భాండాగారం ఉచితంగా దొరుకుతుంది కనుక, అభ్యాసానికి కొరత లేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది రోజువారీ సాధన. ప్రపంచమంతటా అనేక కేంద్రాలు సాధారణంగా రోజుకు రెండుసార్లు బెలూన్‌కు రేడియోసోండ్ (పైకి వెళ్తూ ఉష్ణోగ్రత, తేమ, పీడనం కొలిచి రేడియో ద్వారా పంపే చిన్న పరికరం) కట్టి పైకి వదులుతాయి. ఆ కొలతల గ్రాఫును ప్రతిరోజూ చదవాలి. ఉదాహరణకు, గాలి కదలని ఒక ఉదయం నేల దగ్గర 18 డిగ్రీలు, 300 మీటర్ల ఎత్తున 22 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. పైన వెచ్చని గాలి మూతలా పరచుకొని ఉండటం వల్ల పొగ, దుమ్ము కిందే చిక్కుకుపోతాయి. పైకి లేచే పొడిగాలి కిలోమీటరుకు సుమారు 9.8 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది కనుక, నేల దగ్గరి గాలి ఆ మూతను దాటాలంటే, అంటే ఆ ఎత్తుకు చేరేసరికి 22 డిగ్రీలు ఉండాలంటే, కింద దాదాపు 25 డిగ్రీలకు వేడెక్కాలి. ఆ వేడి ఎన్ని గంటలకు వస్తుందో ముందే రాసిపెట్టుకొని, పొగ ఎప్పుడు విడిపోయిందో కళ్లారా చూడాలి.

అలా రాసిన ప్రతి అంచనానూ మరునాడు సరిచూసుకోవాలి. వాన పడటాన్ని 1గా, పడకపోవడాన్ని 0గా తీసుకుందాం. వాన పడే అవకాశం 70 శాతమని రాశాక వాన పడితే 0.7కూ 1కీ ఉన్న తేడా వర్గం 0.09, పడకపోతే 0.7 వర్గం 0.49. ఇలాంటి విలువల సగటునే బ్రయర్ స్కోరు అంటారు, అది ఎంత తక్కువైతే అంచనాలు అంత మెరుగు. కొన్ని నెలలు లెక్కవేస్తే, తాను ఎక్కడ అతిగా ధీమా పడుతున్నదీ ఎవరికి వారికే తెలిసిపోతుంది.

కొలువులు అంచనా కేంద్రాల్లోనే కాదు, విమానయానం, జలవనరులు, గాలి నాణ్యత, పవన విద్యుత్తు రంగాల్లోనూ ఉంటాయి. అంచనా కేంద్రాల్లో రాత్రి షిఫ్టులు తప్పవు, తుఫాను వేళ సెలవు దొరకడం కష్టం. ఆ జీవితం తమకు సరిపడుతుందో లేదో తేల్చుకోవడానికి చదువుకునే రోజుల్లోనే ఇంటర్న్‌షిప్ అడిగి, అనుభవజ్ఞుల పక్కన ఒక పూర్తి షిఫ్టు కూర్చోవాలి. వారు మోడల్ ఫలితాలను తెరవడానికి ముందు ఉపగ్రహ చిత్రాలను, రాడార్‌ను, తాజా పరిశీలనలను ఏ వరుసలో చూస్తున్నారో గమనించి రాసుకోవాలి.