డిష్ బిగించే ముందే సిగ్నల్ ఎంత రావాలో లెక్క వేసుకోండి

పాయింట్ టు పాయింట్ లింక్ (రెండు చోట్ల మధ్య నేరుగా నడిచే వైర్‌లెస్ కనెక్షన్) పెడుతున్నారా? రెండు రేడియోలనూ టవర్ ఎక్కించకముందే కిందే, పవర్ బాగా తగ్గించి, కలిపి చూడండి. ఐపీ అడ్రస్‌లు, పాస్‌వర్డ్, ఛానల్ అన్నీ అక్కడే తేలిపోతాయి.

అసలు పని అలైన్‌మెంట్, అంటే రెండు డిష్‌లూ ఒకదానికొకటి సూటిగా చూసేలా తిప్పడం. 5 కిలోమీటర్ల దూరం, 5.8 గిగాహెర్ట్జ్ అనుకుందాం. గాలిలో సిగ్నల్ నష్టం దాదాపు 122 డీబీ (డెసిబెల్). రేడియో పవర్ 20 డీబీఎం (డెసిబెల్‌లలో పవర్ కొలత), డిష్‌ల గెయిన్ (సిగ్నల్‌ను ఒక దిక్కుకు కేంద్రీకరించే బలం) చెరో 23 డీబీఐ అయితే 20 + 23 + 23 - 122, అవతల మైనస్ 56 డీబీఎం దాకా రావాలి. మైనస్ 75 దగ్గరే ఆగిపోయిందంటే, లింక్ కలిసింది కదా అని దిగిపోకండి. చాలాసార్లు అది సైడ్ లోబ్ (డిష్ నుంచి అసలు కిరణం కాక పక్కలకు పోయే బలహీన కిరణం) అయి ఉంటుంది. ఒక వైపు డిష్‌ను కదలనివ్వకుండా, రెండో దాన్ని మెల్లగా ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా తిప్పండి. సిగ్నల్ పెరిగి, తగ్గి, మళ్లీ పెరుగుతుంది. అన్నిటికన్నా ఎత్తైన శిఖరమే మీది. తర్వాత పైకీ కిందకీ అంతే, ఆపై అవతలి వైపు.

అయినా లెక్క కుదరకపోతే దారి చూడండి. అవతలి టవర్ కంటికి కనబడితే చాలదు: ఈ దూరానికి, రెండు డిష్‌లను కలిపే ఊహా గీత నడిమధ్యన దాని చుట్టూ 5 మీటర్లైనా ఖాళీ ఉండాలి. చెట్లు పెరుగుతాయి, అదొకటి.

నట్లు పూర్తిగా బిగించాక రీడింగ్ మళ్లీ చూడండి. బిగింపులోనే డిష్ కాస్త జరుగుతుంది.