రేసింగ్ గేమ్ ఓపెన్ కాగానే క్రాష్ అవుతోందా? చెయ్యి పెట్టే ముందు ఈ జాగ్రత్తలు

ఐకాన్ మీద రెండుసార్లు నొక్కుతాం. స్క్రీన్ నల్లబడుతుంది, స్పీకర్లలో ఇంజిన్ చప్పుడు అర సెకను 'ఝుం' అని మొదలై టక్కున తెగిపోతుంది, మళ్ళీ డెస్క్‌టాప్. ఎర్రర్ మెసేజ్ కూడా ఉండదు. ఇంకోసారి నొక్కుతాం, అదే వరస. మూడోసారికి చిరాకు, నాలుగోసారికి ఏదో వీడియోలో చెప్పిన పది చిట్కాలూ వరసపెట్టి చేసేయడం. కొంప మునిగేది అక్కడే. మొదట్లోనే ఆగిపోయే గేమ్ వల్ల మామూలుగా కంప్యూటర్‌కు వచ్చే నష్టం ఏమీ ఉండదు, దాన్ని బాగుచేద్దామని కంగారులో మనం చేసే పనుల వల్లే సేవ్‌లు (ఆటలో ఎంతవరకు వచ్చామో దాచుకునే ఫైళ్ళు) పోతాయి, డ్రైవర్లు (గ్రాఫిక్స్ కార్డు లాంటివాటిని విండోస్‌తో కలిపి నడిపే ప్రోగ్రామ్‌లు) చెడతాయి, ఒక్కోసారి విండోస్‌లోకే వెళ్ళలేని పరిస్థితి వస్తుంది.

నా సంగతే చెప్తాను. ఓ గేమ్‌లో మూడు నెలలుగా కెరీర్ మోడ్ ఆడుతున్నాను, ఒక అప్‌డేట్ తర్వాత అది ఓపెన్ కావడం మానేసింది. డాక్యుమెంట్స్‌లో దాని ఫోల్డర్ డిలీట్ చేస్తే సరిపోతుందని ఎక్కడో చదివి, చేసేశాను. గేమ్ బ్రహ్మాండంగా ఓపెన్ అయింది. మెనూలో మాత్రం 'కొత్త కెరీర్' ఒక్కటే కనబడింది. ఆన్‌లైన్‌లో దాచుకునే క్లౌడ్ కాపీ ఉంటుందిలే అనుకున్నాను, కానీ అప్పటికే గేమ్ కొత్తగా రాసుకున్న ఖాళీ సేవ్ పాతదాని మీదకి ఎక్కి కూర్చుంది. మూడు నెలలు గోవిందా.

అందుకే అన్నిటికంటే ముందు సేవ్‌లు కాపీ తీసుకోండి. ఎక్కడుంటాయంటే, ఎక్కువగా డాక్యుమెంట్స్‌లో గేమ్ పేరుతోనో 'మై గేమ్స్' అనే ఫోల్డర్‌లోనో ఉంటాయి, కొన్నిటికి యాప్‌డేటా (దాచిపెట్టి ఉండే ఫోల్డర్) లోపల 'లోకల్'లో, స్టీమ్ (ఆన్‌లైన్‌లో గేమ్‌లు కొని ఆడుకునే ప్రోగ్రామ్) గేమ్‌లలో కొన్నిటికి స్టీమ్ ఫోల్డర్‌లోని 'యూజర్‌డేటా'లో. మీ డాక్యుమెంట్స్ ఫోల్డర్ వన్‌డ్రైవ్ కిందకి వెళ్ళిపోయి ఉండొచ్చు, అదీ చూసుకోండి. దొరికినదాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, స్టీమ్‌లో ఆ గేమ్ ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి క్లౌడ్ సింక్ ఆపేసి, అప్పుడు పని మొదలుపెట్టండి. సెట్టింగ్స్ ఫైల్ చెడిపోయిందేమో అని అనుమానం వస్తే (రిజల్యూషన్ మార్చాకో మానిటర్ మార్చాకో క్రాష్ మొదలైతే చాలావరకు అదే) డిలీట్ చేయొద్దు, పేరు చివర 'పాత' అని తగిలించండి చాలు. గేమ్ అది కనబడక కొత్తది తయారు చేసుకుంటుంది, పనికాకపోతే మళ్ళీ పాత పేరే పెట్టుకోవచ్చు. తర్వాత క్లౌడ్ మళ్ళీ ఆన్ చేసినప్పుడు 'ఏ కాపీ ఉంచాలి' అని అడిగితే తేదీ, టైమ్ చూసి మరీ నొక్కండి. కొత్త తేదీ ఉన్నదే మంచిదని ఏమీ లేదు, పైన నేను చెప్పిన ఖాళీ సేవ్‌దే కొత్త తేదీ.

గేమ్ ఈ మధ్యే కొన్నారా? అయితే ఇంకో గడియారం నడుస్తోంది. స్టీమ్‌లో రీఫండ్ కావాలంటే కొని 14 రోజులు దాటకూడదు, ఆడిన టైమ్ 2 గంటల లోపే ఉండాలి. క్రాష్ అయిన గేమ్ కొన్నిసార్లు పూర్తిగా చావదు, కనబడకుండా వెనకాల నడుస్తూనే ఉంటుంది, స్టీమ్ దాన్ని కూడా ఆడుతున్నట్టే లెక్కేస్తుంది. రాత్రి విసుగొచ్చి అలాగే వదిలేసి పడుకుంటే తెల్లారేసరికి 8 గంటలు ఆడినట్టు చూపిస్తుంది. ప్రతి క్రాష్ తర్వాత టాస్క్ మేనేజర్ తెరిచి, గేమ్ పేరు ఇంకా ఉంటే 'ఎండ్ టాస్క్' కొట్టండి. చాలామందికి రెండోసారి గేమ్ అసలు ఓపెన్ కాకపోవడానికి కారణం కూడా ఈ సగం చచ్చిన ప్రాసెస్సే.

ఇప్పుడు కంప్యూటర్ ఏం రాసుకుందో చూడండి. ఇది మానేసి ఊహలతో మొదలుపెట్టడం చీకట్లో రాళ్ళు విసరడమే. స్టార్ట్ మెనూలో 'రిలయబిలిటీ' అని టైప్ చేస్తే రోజువారీ పట్టిక ఒకటి వస్తుంది, క్రాష్ అయిన రోజు మీద ఎర్రటి గుర్తు ఉంటుంది, దాన్ని తెరిస్తే 'ఫాల్ట్ మాడ్యూల్ నేమ్' అనే లైన్ కనబడుతుంది. మనకు కావలసింది అదే. అక్కడ గ్రాఫిక్స్ డ్రైవర్ ఫైల్ పేరుంటే అనుమానం డ్రైవర్ మీదకి పోతుంది, ఓవర్‌లే ప్రోగ్రామ్ (ఆట మీద చాట్ లాంటివి చూపించేది) ఫైల్ ఉంటే దాని మీదకి. గేమ్ ఎక్సీ (గేమ్‌ను మొదలుపెట్టే .exe ఫైల్) పేరే ఉంటే మాత్రం పెద్దగా ఏమీ తెలియదు, దాదాపు ఏ కారణానికైనా అలాగే రావచ్చు. సీ0000005 అనే కోడ్ కూడా అంతే. గేమ్ తనది కాని మెమరీని ముట్టుకుందని దానర్థం, ఎందుకు ముట్టుకుందో చెప్పదు. ఈ కోడ్ చూసి ర్యామ్ పోయిందని కొత్తది కొనేవాళ్ళున్నారు, తొందరపడకండి. సీ000007బీ అని వస్తే మాత్రం దారి దొరికినట్టే, 32 బిట్, 64 బిట్ ఫైళ్ళు కలగాపులగం అయ్యాయని చాలావరకు అర్థం.

దాన్నుంచే డీఎల్ఎల్ ఫైళ్ళ (ప్రోగ్రామ్‌లు పంచుకుని వాడుకునే కోడ్ ఫైళ్ళ) గొడవ. ఫలానా డీఎల్ఎల్ లేదని మెసేజ్ వస్తే ఆ ఒక్క ఫైల్‌నే ఇచ్చే సైట్లు బోలెడు దొరుకుతాయి. వాటి జోలికి వెళ్ళొద్దు. అందులో ఏముందో ఎవరికీ తెలియదు, మంచిదే అయినా మీ గేమ్‌కు సరిపడే వెర్షన్ అని నమ్మకం లేదు. 'వీసీరన్‌టైమ్140', 'ఎంఎస్‌వీసీపీ140' లాంటి పేర్లు వస్తే మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ వేసుకోవాలి, ఎక్స్86, ఎక్స్64 రెండూ. మాది 64 బిట్ విండోస్ కదా ఒకటి చాలదా అంటే చాలదు, గేమ్ 32 బిట్ అయితే దానికి ఎక్స్86 ఉండాలి. 'డీ3డీఎక్స్9' తోనో 'ఎక్స్‌ఇన్‌పుట్1_3' తోనో పేచీ అయితే 2010 జూన్ నాటి డైరెక్ట్ఎక్స్ రన్‌టైమ్ వేసుకోవాలి. మా దాంట్లో డైరెక్ట్ఎక్స్ 12 ఉందిగా అని ఊరుకుంటే కుదరదు, ఆ పాత ఫైళ్ళు దాంతో పాటు రావు. విండోస్ పేరు చివర 'ఎన్' అని ఉంటే మీడియా ఫీచర్ ప్యాక్ విడిగా వేసుకోవాలి, లేకపోతే మొదట్లో వచ్చే లోగో వీడియో దగ్గరే చాలా గేమ్‌లు చతికిలబడతాయి.

ఇక రేసింగ్ గేమ్‌లకే ప్రత్యేకమైన తంటా, వీల్. షూటింగ్ గేమ్ ఆడేవాళ్ళ టేబుల్ మీద కీబోర్డు, మౌస్ ఉంటాయి, మన టేబుల్ కింద స్టీరింగ్, పెడల్స్, షిఫ్టర్, హ్యాండ్‌బ్రేక్, ఏదో కుతూహలం కొద్దీ కొన్న బటన్ బాక్స్, అన్నీ వేరువేరు యూఎస్‌బీ వైర్లతో వేలాడుతుంటాయి. గేమ్ మొదలయ్యేటప్పుడు వీటన్నిటినీ లెక్కపెట్టుకుంటుంది, ముఖ్యంగా పాత గేమ్‌లు ఆ లెక్కలో తడబడి కూలిపోతాయి. కీబోర్డు, మౌస్ తప్ప అన్నీ పీకేసి ఒకసారి ఓపెన్ చేయండి, ఓపెన్ అయితే సగం పని అయిపోయినట్టే. తర్వాత ఒక్కొక్కటే పెట్టి చూస్తే దొంగ దొరుకుతుంది. ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసి మర్చిపోయిన వీజాయ్ లాంటి వర్చువల్ జాయ్‌స్టిక్ ఉంటే అదీ లెక్కలోకే వస్తుంది, దానికి వైరు ఉండదు కాబట్టి మన కంటికి ఆనదు.

ఈ పీకడం, పెట్టడంలో కూడా కాస్త చూసుకోవాలి. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ ఉన్న వీల్ కరెంట్ తగలగానే తన కొలతలు సరిచూసుకోవడానికి ఈ కొస నుంచి ఆ కొసకి తనంతట తనే గిర్రున తిరుగుతుంది. ఆ సమయంలో చెయ్యి ఊచల మధ్య పెట్టకండి, గట్టిగా పట్టుకుని ఆపకండి, హెడ్‌ఫోన్ వైరు దానికి చుట్టుకోకుండా చూసుకోండి. నాది ఓసారి టేబుల్ మీదున్న మగ్గును తోసేసింది, కీబోర్డు కాఫీలో స్నానం చేసింది. ఇక వీల్ ఫర్మ్‌వేర్ (దాని లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్ చేయాల్సి వస్తే యూఎస్‌బీ హబ్‌లో కాకుండా నేరుగా కంప్యూటర్ పోర్ట్‌లోనే పెట్టి చేయండి. అది మధ్యలో ఆగితే గేమ్ సంగతి అటుంచి వీలే పనికిరాకుండా పోవచ్చు.

మాడ్స్ (బయటివాళ్ళు తయారుచేసిన అదనపు కార్లు, మార్పులు) వాడేవాళ్ళు వినండి. స్టీమ్‌లో ఫైళ్ళు వెరిఫై చేశాం, అంతా బాగుందంది, అయినా క్రాష్ అవుతోంది అంటుంటారు. వెరిఫై అంటే గేమ్ తాలూకు ఫైళ్ళు సరిగా ఉన్నాయో లేదో చూడటం, అదనంగా మీరు తెచ్చి పెట్టినవాటిని అది తీసేయదు. గేమ్ ఎక్సీ ఉన్న ఫోల్డర్‌లో 'డీఎక్స్‌జీఐ', 'డీ3డీ11', 'డీఇన్‌పుట్8' లాంటి డీఎల్ఎల్‌లు ఉన్నాయేమో చూడండి, రీషేడ్ (ఆట బొమ్మ రంగులు మార్చే ప్రోగ్రామ్) కానీ మాడ్ లోడర్ కానీ సాధారణంగా ఈ పేర్లతోనే దూరి కూర్చుంటుంది. అసెట్టో కోర్సా అనే రేసింగ్ గేమ్‌లో కస్టమ్ షేడర్స్ ప్యాచ్ అనే మాడ్ వేసుకుంటే 'డీరైట్' డీఎల్ఎల్ ఉంటుంది. గేమ్‌కు అప్‌డేట్ వచ్చిన మర్నాడే క్రాష్ మొదలైతే నా మొదటి అనుమానం ఎప్పుడూ వీటి మీదే. వీటిని కూడా డిలీట్ చేయకుండా వేరే ఫోల్డర్‌లోకి జరిపి చూడండి.

గ్రాఫిక్స్ డ్రైవర్ దగ్గరికి వచ్చేసరికి అందరూ చెప్పేది డీడీయూ, అంటే పాత డ్రైవర్‌ను ఆనవాలు లేకుండా ఊడ్చేసే ప్రోగ్రామ్. మంచిదే, కానీ దాన్ని సేఫ్ మోడ్‌లో (విండోస్ అతి తక్కువ డ్రైవర్లతో మొదలయ్యే పద్ధతిలో) నడపాలి, మనుషులు ఇరుక్కునేది అక్కడే. డ్రైవ్‌కు బిట్‌లాకర్ (డేటాకు తాళం వేసే విండోస్ రక్షణ) ఆన్‌లో ఉంటే, మీరు ఎప్పుడూ ఆన్ చేయకపోయినా కొన్ని ల్యాప్‌టాప్‌లలో అది ముందే ఆన్ అయి ఉంటుంది, సేఫ్ మోడ్‌కు వెళ్ళేటప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, అకౌంట్ పాస్‌వర్డ్ మర్చిపోయి రోజూ నాలుగంకెల పిన్‌తోనే లాగిన్ అయ్యేవాళ్ళు అప్పుడు తెల్లమొహం వేయాల్సిందే. పైగా సేఫ్ మోడ్‌లో ఆ పిన్ పని చేయకపోవచ్చు. కాబట్టి ముందే కీ చూసి కాగితం మీద రాసుకోండి, పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ఫోన్‌లో లాగిన్ అయి చూసుకోండి, కొత్త డ్రైవర్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఊడ్చే ముందు ఇంటర్నెట్ తీసేయండి, లేకపోతే మీరు కొత్తది వేసేలోపే విండోస్ తన దగ్గరున్న పాతదేదో తెచ్చి పెట్టేస్తుంది. ఒక రీస్టోర్ పాయింట్ (విండోస్‌ను పాత స్థితికి తెచ్చుకునే గుర్తు) కూడా పెట్టుకుంటే మరీ మంచిది. నిజానికి చాలామందికి ఇంత దూరం రావాల్సిన పనే ఉండదు, ఓవర్‌లేలు (డిస్కార్డ్‌ది, స్టీమ్‌ది, ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేమ్‌లో చూపించే రివాట్యూనర్) ఆపి చూస్తే చాలు.

'షేడర్లు (బొమ్మను ఎలా గీయాలో గ్రాఫిక్స్ కార్డుకు చెప్పే చిన్న ప్రోగ్రామ్‌లు) తయారవుతున్నాయి' అనే బార్ దగ్గర ఆగిపోతుంటే ఒక మాట. మొదటిసారి అది చాలాసేపు పడుతుంది, హ్యాంగ్ అయిందనుకుని మధ్యలో చంపేయకండి. అక్కడే పదేపదే క్రాష్ అవుతూ, కార్డులో మెమరీ బోలెడున్నా వీడియో మెమరీ చాలలేదని మెసేజ్ వస్తూ, ప్రాసెసర్ ఇంటెల్ 13వ లేదా 14వ తరం డెస్క్‌టాప్ ఐ7, ఐ9 అయితే అనుమానం ప్రాసెసర్ మీదకి మళ్ళాలి. షేడర్లు తయారుచేసేటప్పుడు దాని మీద భారం బాగా పడుతుంది, ఆ చిప్‌లలో ఓల్టేజ్ వల్ల వచ్చే అస్థిరత ఉందని 2024లో ఇంటెల్ ఒప్పుకుని మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనల) సవరణలు ఇచ్చింది, వారంటీ కూడా రెండేళ్ళు పెంచింది. ఆ సవరణ బయాస్ (మదర్‌బోర్డును నడిపే ప్రోగ్రామ్) అప్‌డేట్ ద్వారా వస్తుంది. అయితే బయాస్ అప్‌డేట్ చేసే ముందు బిట్‌లాకర్ సస్పెండ్ చేయాలి, మధ్యలో కరెంట్ పోకూడదు, మీ మదర్‌బోర్డు మోడల్ ఫైలే అయి ఉండాలి. ఓవర్‌క్లాక్ చేసినవాళ్ళు, ర్యామ్‌కు ఎక్స్ఎంపీ పెట్టినవాళ్ళు ముందు అవి తీసేసి చూడండి, ఒక్క రీస్టార్ట్‌తో పోయే పని.

చిన్నవి కొన్ని ఉన్నాయి, గబగబా చెప్పేస్తాను. ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందని పేజ్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే ఫైల్) ఆపేసి ఉంటే మళ్ళీ ఆన్ చేయండి, పెద్ద గేమ్‌లు అది లేకపోతే మొదట్లోనే కూలిపోవచ్చు. యాంటీవైరస్ మొత్తం ఆపేయమనే సలహా వినొద్దు, గేమ్ ఫోల్డర్ ఒక్కదానికి మినహాయింపు ఇస్తే చాలు. విండోస్‌లో 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్' ఆన్ చేసి ఉంటే గేమ్‌ను డాక్యుమెంట్స్‌లో రాయనివ్వదు, కొన్ని గేమ్‌లు దానికే అలిగి వెళ్ళిపోతాయి. విండోస్ యూజర్ ఫోల్డర్ పేరు తెలుగు అక్షరాల్లో ఉంటే కొన్ని పాత గేమ్‌లకు ఆ దారి చదవడం రాదు, అలాగని ఆ ఫోల్డర్ పేరు మార్చబోయారంటే అకౌంటే గందరగోళం అవుతుంది, ఇంగ్లీష్ పేరుతో ఇంకో యూజర్‌ను తయారుచేసి అందులో ఆడి చూడండి. 2000ల నాటి డిస్క్ గేమ్‌కు సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణ ఉంటే దాన్ని విండోస్ 10 నుంచి అసలు అనుమతించడం లేదు, ఎన్ని సెట్టింగ్స్ మార్చినా డిస్క్ కాపీ నడవదు. ఉంటే డిజిటల్ కాపీ చూసుకోవాలి.

ఏది చేసినా ఒక్కటే మార్చండి, గేమ్ ఓపెన్ చేసి చూడండి, పనికాకపోతే వెనక్కి పెట్టి అప్పుడు రెండోదానికి వెళ్ళండి. పక్కన కాగితం మీద రాసుకుంటూ పోండి, రాత్రి ఒంటిగంటకు ఏం మార్చామో పొద్దున గుర్తుండదు. 100 జీబీ దాటిన గేమ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ దించుకోవడం ఆఖరి మెట్టు, దాన్ని మొదటి మెట్టు చేయకండి.

గేమ్ ఓపెన్ అయ్యాక సంబరంలో గ్రాఫిక్స్ అన్నీ అల్ట్రాకి లాగేయకుండా, ఒక చిన్న రేస్ ఆడి, మెనూలోంచి పద్ధతిగా బయటకొచ్చి, ఇంకోసారి ఓపెన్ చేసి చూడండి. రెండోసారీ వచ్చి, మీ పాత కెరీర్ అందులో కనబడితే, అప్పుడు క్లౌడ్ ఆన్ చేసుకోవచ్చు.