లోడ్‌తో పాటే పెరుగుతున్నా టార్క్ రీడింగ్ తప్పు: ఎందుకు, ఏం చేయాలి

షాఫ్ట్‌కు రెండు చోట్ల చారల టేపు చుట్టి, ఒక్కోదాని ఎదురుగా ఆప్టికల్ సెన్సార్ పెట్టి, పల్స్‌ల మధ్య తేడాతో మెలిక కోణాన్నీ, దాన్నుంచి టార్క్‌నూ (షాఫ్ట్‌ను తిప్పే బలాన్నీ) లెక్కగట్టే సెటప్ మీ దగ్గర ఉందని, షాఫ్ట్‌కు బెల్టు, పుల్లీ ఉన్నాయని అనుకుంటున్నాను.

రీడింగ్ ఉన్నట్టుండి ఎగిరిపడుతోంది. టేపు మీద నూనె, మసి చేరాయి. ఒక్క చార కనపడకపోయినా పల్స్ పోతుంది. మెషిన్ ఆపి టేపు, లెన్స్ తుడవండి. దయచేసి ఫిల్టర్ సెట్టింగుల జోలికి వెళ్లేముందే ఈ పని చేయండి. చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి.

లోడ్ లేకున్నా స్పీడ్‌తో టార్క్ పెరుగుతోంది. రెండు సెన్సార్లూ ఒకే వేగంతో స్పందించడం లేదు. 1500 ఆర్‌పీఎమ్ దగ్గర 10 మైక్రోసెకన్ల తేడా అంటే 0.09 డిగ్రీలు. జీరోను (టార్క్ సున్నా అని లెక్కపెట్టే రీడింగ్‌ను) షాఫ్ట్ ఆగి ఉన్నప్పుడు కాదు, లోడ్ లేకుండా అదే స్పీడ్‌లో తిప్పుతూ తీయండి.

లోడ్‌తో పాటు చక్కగా పెరుగుతోంది, కానీ విలువ తప్పు. అసలు మోసం చేసేది ఇదే. గ్రాఫ్ నున్నగా వస్తుంది కాబట్టి అందరూ కాలిబ్రేషన్ (రీడింగ్‌ను అసలు విలువతో సరిచూసి సర్దడం) మీద పడతారు. జరిగేదేమిటంటే, లోడ్ పెరిగేకొద్దీ బెల్టు షాఫ్ట్‌ను పక్కకు లాగుతుంది. పుల్లీ వైపు టేపు ఎక్కువ జరుగుతుంది, రెండోది తక్కువ. సెన్సార్‌కు ఆ జరుగుడుకీ మెలికకీ తేడా తెలియదు.

50 మిల్లీమీటర్ల స్టీల్ షాఫ్ట్, టేపుల మధ్య మీటరు దూరం అనుకోండి. 500 న్యూటన్ మీటర్ల టార్క్‌కు వచ్చే మెలిక సుమారు 0.58 డిగ్రీలే. ఒక టేపు దగ్గర షాఫ్ట్ 0.1 మిల్లీమీటరు పక్కకు జరిగితే 0.23 డిగ్రీలు, అంటే దాదాపు 200 న్యూటన్ మీటర్ల దొంగ టార్క్! బేరింగ్ కాస్త అరిగితే చాలు. ఇది ప్రతి చుట్టులోనూ ఒకే దిక్కున ఉంటుంది కాబట్టి సగటు తీసినా పోదు.

పట్టుకోవడం సులువే. రెండు సెన్సార్లనూ షాఫ్ట్ చుట్టూ 90 డిగ్రీలు జరిపి, జీరో మళ్లీ తీసి, అదే లోడ్ ఇవ్వండి. సెన్సార్ ఎటు నుంచి చూసినా టార్క్ ఒకటే కదా. రీడింగ్ మారితే దొంగ దొరికినట్టే.

పరిష్కారం: ప్రతి టేపు దగ్గర ఎదురెదురుగా రెండు సెన్సార్లు పెట్టి సగటు తీయండి. షాఫ్ట్ జరిగితే ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు చూపి రద్దయిపోతాయి. నాలుగు సెన్సార్లకు వీలు లేకపోతే, ఉన్న రెండింటినీ బెల్టు లాగే గీత మీదే పెట్టండి. అప్పుడు జరుగుడు వల్ల గ్యాప్ మారుతుంది తప్ప పల్స్ టైమింగ్ పెద్దగా మారదు.

ట్యూబ్‌లైట్ మినుకు, షాఫ్ట్ వేడెక్కడం లాంటివి అరుదు. పైవన్నీ చూశాకే వాటి సంగతి.