అర్ధరాత్రి షార్ట్స్ అలవాటు: మా ఇంట్లో ఎలా తగ్గిందంటే

మావాడు టెన్త్. లెక్కల వీడియో చూస్తానని యూట్యూబ్ తెరిచేవాడు, షార్ట్స్‌లో (ఒకదాని వెంట ఒకటి వచ్చే చిన్న వీడియోలు) మునిగి రాత్రి ఒంటిగంటకు తేలేవాడు. తిట్టడం, ఫోన్ లాక్కోవడం, వైఫై ఆపడం, టైమర్ యాప్ (పిన్ రెండో రోజే కనిపెట్టాడు), ఏదీ నిలవలేదు.

చివరికి పనిచేసింది ఇది. ముందు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాను. చాటుగా చేస్తే మళ్లీ ఆన్ చేసుకుంటాడు కదా. యూట్యూబ్ సెట్టింగ్స్‌లో 'మేనేజ్ ఆల్ హిస్టరీ' తెరిచి, పాత హిస్టరీ (ఇంతవరకు చూసిన వీడియోల జాబితా, దాన్ని బట్టే యూట్యూబ్ కొత్తవి చూపిస్తుంది) మొత్తం డిలీట్ చేశాం. తర్వాత కంట్రోల్స్‌లో వాచ్ హిస్టరీ ఆఫ్ చేశాం. రెండూ చేయాలి. మొదటిసారి ఆఫ్ ఒక్కటే చేస్తే సిఫార్సులు వస్తూనే ఉన్నాయి. ఈసారి యాప్ మూసి తెరిస్తే హోమ్ పేజీ ఖాళీ! 2023 నుంచే ఇలా ఉందట, నాకే ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు ఏది కావాలన్నా వెతుక్కోవాల్సిందే. ఆఖరున చార్జర్‌ని హాల్లోకి మార్చి, 250 రూపాయలు పెట్టి అలారం గడియారం కొన్నాను. దాంతో "పొద్దున లేవాలంటే ఫోన్ పక్కన ఉండాలి" అనే సాకూ పోయింది.

ఆరు వారాలైంది. రెండుసార్లు తప్పాడు గానీ మిగతా రోజులు పదకొండుకల్లా పడుకుంటున్నాడు. వాడు ఒప్పుకున్నాడు కాబట్టి కుదిరిందేమో, మొండికేసే పిల్లల సంగతి చెప్పలేను. ఇన్‌స్టా రీల్స్‌కి మాత్రం ఈ కిటుకు పనికిరాదు.