కేలరీల లెక్క, 3వ పాఠం: తూచింది బియ్యమా, అన్నమా?

పోయిన పాఠంలో కిచెన్ స్కేల్ మీద ఖాళీ గిన్నె పెట్టి సున్నా చేయడం దాకా వచ్చాం. అసలు చిక్కు అన్నం దగ్గర మొదలవుతుంది. కంచంలో అన్నం తూచడం, కేలరీలు లెక్కగట్టే యాప్‌లో ‘రైస్’ అని కొట్టడం, పైన కనబడ్డ మొదటి లైను నొక్కేయడం... చాలామంది చేసేది ఇదే. ఆ లైను బియ్యానిదో అన్నానిదో చూడరు.

తేడా చిన్నదేం కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్ల బియ్యానికి సుమారు 356 కేలరీలు. అదే 100 గ్రాముల అన్నమైతే 130 దరిదాపుల్లో ఉంటుంది. ఉడికితే కేలరీలు ఆవిరైపోవు, నీళ్లు చేరి బరువు పెరుగుతుంది, అంతే. 280 గ్రాముల అన్నం తిని బియ్యం లైను నొక్కితే దాదాపు వెయ్యి కేలరీలు చూపిస్తుంది, తిన్నదేమో 360 అటూ ఇటూ, ఇక ఆ రాత్రి అనవసరంగా పస్తు. తిరగేస్తే, 100 గ్రాముల బియ్యం తూచి వండుకుని అన్నం లైను నొక్కినవాళ్లకి 130 అని చూపించి మురిపిస్తుంది. నన్నడిగితే ఇదే ఎక్కువ ప్రమాదం, మనకి నచ్చే తప్పు కదా, ఎవరూ వెతకరు.

ఒక్కరే వండుకుని ఒక్కరే తినేవాళ్లు బియ్యం తూచి, బియ్యం లైను నొక్కితే సరిపోతుంది. మన ఇళ్లలో అలా కుదరదు, ఒకే గిన్నెలో నలుగురికీ వండుతాం. పోనీ అన్నానికి 130 అని గుడ్డిగా వేసుకుందామా అంటే, ఆ అంకె మీ ఇంటి అన్నానిది కాదు. పాత బియ్యం నీళ్లు ఎక్కువ పీల్చి బాగా ఒదుగుతుంది, కొత్త బియ్యానికి ఎసరు తగ్గించకపోతే ముద్దవుతుంది. పలుకుగా వండేవాళ్లు, పిల్లల కోసం మెత్తగా వండేవాళ్లు, అందరిదీ ఒకటే లెక్క ఎలా అవుతుంది?

అందుకని గిన్నెకే లెక్క కడదాం. మూత లేకుండా ఖాళీ గిన్నె తూచి రాసుకోండి, 850 గ్రాములు అనుకుందాం. బియ్యం కడగకముందే తూచండి, 300 గ్రాములు. వండాక ఆవిరి కాస్త తగ్గనిచ్చి, ఎవరూ వడ్డించుకోకముందే గిన్నెతో సహా తూచండి. 1690 వచ్చిందంటే అన్నం 840 గ్రాములు. 840ని 300తో భాగిస్తే 2.8, ఇదే మీ ఇంటి అంకె. ఇప్పుడు కంచంలో అన్నం 210 గ్రాములుంటే దాన్ని 2.8తో భాగించండి, 75 గ్రాముల బియ్యం, అంటే సుమారు 267 కేలరీలు. యాప్‌లో ఎప్పుడూ బియ్యం లైనే వాడండి. బియ్యం బస్తా మారినప్పుడు, ఎసరు కొలత మారినప్పుడు మళ్లీ ఒకసారి తూచుకోవాలి, రోజూ అక్కర్లేదు.

గంజి వార్చేవాళ్లకి కొంత పిండిపదార్థం గంజితో పోతుంది కాబట్టి అసలు లెక్క కాస్త తక్కువే, దాన్ని పట్టించుకోకండి (గంజి ఉప్పేసుకుని తాగేస్తే అదీ మీ ఖాతాలోకే!). ఫ్రిజ్‌లో మూత లేకుండా పెట్టిన అన్నం ఆరి బరువు తగ్గుతుంది, అందుకే వేడిగా ఉన్నప్పుడే తూచి డబ్బాలో పెట్టుకోవడం మేలు. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లది, బియ్యం దాదాపు 150 గ్రాములు పడుతుంది, కానీ గోపురంలా నింపే అలవాటుంటే ఆ కొలత నమ్మొద్దు.

జొన్న రొట్టెకి పిండి తూచండి, రొట్టెని కాదు. పప్పుకి మాత్రం ఇంటి అంకె పనికిరాదు, ఇవాళ గట్టిగా, రేపు చారులా ఉంటుంది. వేసిన కందిపప్పు బరువు రాసుకుని (100 గ్రాములకి సుమారు 331 కేలరీలు) ఏ రోజు గిన్నె ఆ రోజే తూచాల్సిందే.

ఈ వారం మీ ఇంటి అంకె కట్టి ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. నాలుగో పాఠంలో పులిహోర తీసుకుందాం, పోపులో నూనె ఎవరి కంచంలోకి ఎంత వెళ్లిందో తేల్చాలి.